అక్క వెళ్ళాక నా పరుగు

ఈ పొద్దున నేను బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉండగా ఎదురు ఫ్లాటులోని కోడలుపిల్ల తలుపు తీసి, తనతో రోజూ నడకకు వచ్చే స్నేహితురాలు పుట్టింటికి వెళ్ళిందనీ, ఆమె తిరిగి వచ్చేదాకా తనకూ సెలవేననీ నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వి మెట్లు దిగాను గానీ, ఆ మాట వీధి చివరిదాకా నన్ను వదల్లేదు. ఒకప్పుడు నేనూ సరిగ్గా అలాగే చేశాను. ఈ కాకినాడలో కాదు, ఖతార్‌లోని అల్ ఖోర్‌లో, ప్రపంచకప్పు పోటీల కోసం ఆ దేశమంతా క్రేన్లతో, సిమెంటు దుమ్ముతో నిండిపోయి ఉన్న రోజుల్లో.

మావారిది గ్యాస్ కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నిద్ర, మెలకువగా ఉన్నప్పుడు డ్యూటీ. పిల్లలు చదువుల కోసం ఇండియాలోనే ఉండిపోయారు. కూరలకైనా, మందులకైనా ఆయన వెంట తప్ప గడప దాటని మనిషిని నేను. అరబ్బీ సరే, హిందీ కూడా నోరు తిరిగేది కాదు. అలాంటి నాకు, చక్కెర జబ్బు అంచుల దాకా వచ్చాననీ ఒళ్ళు కదల్చకపోతే మందులు తప్పవనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. మా అమ్మ ఆ జబ్బుతోనే చూపు పోగొట్టుకుంది. అన్నం కంచం కోసం ఆవిడ చేత్తో తడుముకోవడం చూసిన కళ్ళు నావి.

అప్పుడు నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది మా పై అంతస్తులో ఉండే అక్క. ఆవిడది నిజామాబాద్ వైపు పల్లె. వాళ్ళాయన మా ఇళ్ళకు దగ్గర్లోనే గుడారం ఆకారంలో లేస్తున్న స్టేడియంలో ఫోర్‌మన్‌గా పనిచేసేవాడు. మొదట నడిచాం, తరవాత ఎప్పుడో మాకే తెలియకుండా పరుగులోకి దిగాం. తెల్లవారుతూనే చున్నీలు నడుముకు బిగించి, స్టేడియం చుట్టూ కొత్తగా వేసిన పార్కులోకి బయలుదేరేవాళ్ళం. కూలీల బస్సులు వచ్చి ఆగుతుండగా, ఎడారిలో ఆ పచ్చగడ్డిని చూసుకుంటూ, పచ్చి పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న దగ్గర మొదలై అత్తగార్ల దాకా మాట్లాడుకుంటూ పరుగెత్తేవాళ్ళం. ఏ దారిన వెళ్ళాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో అన్నీ అక్కే చెప్పేది. ఆవిడ చిన్నప్పుడు బళ్ళో కబడ్డీ ఆడిన మనిషి. ఆవిడతో సమంగా ఉండాలని నేను పడే పాట్లు నాకే తెలుసు. నా చక్కెర మెల్లగా దిగింది. డాక్టరమ్మ భుజం తట్టింది.

స్టేడియం పని పూర్తయింది, వాళ్ళాయన కాంట్రాక్టూ ముగిసింది. సామాను సర్దుకోవడానికి కూడా సరిగ్గా వ్యవధి లేకుండా అక్క విమానం ఎక్కేసింది. నేను బూట్లు మంచం కిందికి నెట్టాను. ఇవాళ, రేపు అనుకుంటూనే నెల దాటిపోయింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే చక్కెర మొదటికన్నా పైకి పోయింది. డాక్టరమ్మ ఇంకొక్క అవకాశం ఇస్తానంది. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను.

"ఏందే చెల్లె, నీ కాళ్ళు గూడ నాతోటి ఇమానం ఎక్కినయా ఏంది?" అని గద్దించింది. "పొద్దుగాల లేశి ఉరుకు. ఉరికినంకనే నాకు ఫోన్ చెయ్. లేకుంటే చెయ్యకు."

మర్నాడు వెళ్ళాను. పక్కన మాటలు లేకపోయేసరికి నా ఊపిరే నాకు పెద్దగా వినిపించి భయమేసింది. ఎదురుగా ఎవరొచ్చినా తల దించుకున్నాను. అయినా మానలేదు. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక చలికాలపు ఉదయం, నేను పార్కు మధ్యకు వెళ్ళేసరికి ఒక్కసారిగా పొగమంచు కమ్మేసింది. అంత పెద్ద స్టేడియమే కనిపించకుండా పోయింది. ఏ దారి చూసినా ఒకటిగానే ఉంది. తిరిగిన చోటే తిరుగుతున్నానని తెలిసింది. ఫోనేమో ఇంట్లో ఉంది. ఇంతలో మంచులోంచి, "పైపు ఇటు గుంజురా!" అని ఎవరో ఎవరినో కేకేయడం వినిపించింది. ఆ తెలుగు కేక వైపు పరుగెత్తాను.

గడ్డికి నీళ్ళు పెడుతున్న మనిషి. తలకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. గేటు ఎటని అడిగితే చెయ్యి చాపి చూపించి, నన్ను పరకాయించి చూశాడు.

"ఒక్కరే ఉరుకుతున్నరా అమ్మా? ఇంకో అమ్మ ఏది?"

ఇండియా వెళ్ళిపోయిందన్నాను.

"మేం బస్సు దిగంగ రోజు జూసేటోళ్ళం. మీరు ఒక్క అడుగు ముంగట ఉరికేటోళ్ళు, ఆ అమ్మ ఎనుక ఆయాసపడుకుంట అచ్చేది," అని నవ్వాడు.

పొరపడ్డావు బాబూ, ఆవిడతో సమంగా పరుగెత్తలేక అవస్థ పడింది నేనన్నాను. కాదని తల అడ్డంగా ఊపి, పైపు లాక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, అవతల నుంచి చాలాసేపు నవ్వే వినిపించింది.

"నిజమే గదనే! నిన్ను అందుకునుడే నాకు పెద్ద తిప్పలుండె. ఆగమంటే నువ్వు ఇంటికాడనే ఆగిపోతవని నోరు మూసుకొని ఉరికిన."

ఆవిడకు వెనకబడకూడదని నేనూ, నన్ను అందుకోవాలని ఆవిడా ఒకరినొకరం అన్నాళ్ళు లాక్కుపోయామన్నమాట! ఆ మర్నాటి నుంచి నేను తల దించుకోలేదు. ఎదురొచ్చిన వాళ్ళకు నేనే ముందుగా సలాం చెప్పేదాన్ని. అక్క వెనక్కి తిరగమనే మలుపు దాటి, అంతకుముందు చూడని కాలువ గట్టు దాకా వెళ్ళి అక్కడి బాతుల్ని చూసి వచ్చాను. వేసవి ముదిరేలోగా చక్కెర మళ్ళీ అదుపులోకి వచ్చింది. మందు బిళ్ళ అవసరం పడలేదు. పోటీలు మొదలయ్యేనాటికి, ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో జెండాలు కప్పుకుని మా ఊరికి వచ్చి దారి అడిగితే, వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలతో, చేతి సైగలతో నేనే చెప్పి పంపించాను.

ఇప్పుడీ కాకినాడలో అందరి చెవుల్లోనూ పాటలు, చేతులకు అడుగులు లెక్కపెట్టే గడియారాలు. ఎవరితో మాట్లాడాలన్నా ముందు వాళ్ళ చెవుల్లోవి తీయించాలి. అక్క తన ఊళ్ళో ఒంటరిగానే పరుగెత్తుతోంది, ఇక్కడ నేనూ అంతే. అల్ ఖోర్‌లో మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క మెట్ల వరస. ఇప్పుడేమో రెండు రాష్ట్రాలు, ఆవిడ మనవల పరీక్షలు, మోకాళ్ళ నొప్పులు. ఒక్కదాన్నే పరుగెత్తడం నాకు ఇష్టమే, భయం ఏనాడో పోయింది. కానీ పచ్చి పులుసులో బెల్లం వెయ్యాలని మాత్రం అక్క ఇంకా ఒప్పుకోలేదు. అది ఫోనులో తేలే తగాదా కాదు.