పెల్లెట్ పొయ్యిలో ఐదు మెతుకులు

ఇంగ్లండులో నార్తాంప్టన్‌కి పది మైళ్ల దూరంలో మేం కొనుక్కున్న ఇంటికి గ్యాస్ లైను లేదు. చలి కాచుకోవడానికి హాల్లో గోడవారగా ఒక పెల్లెట్ స్టవ్ ఉండేది. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన చిటికెన వేలంత ముక్కలే పెల్లెట్లు. పైనున్న తొట్టిలో ఒక బస్తా గుమ్మరించి బటన్ నొక్కితే, లోపల ఒక మర తిరిగి వాటిని కాసిని కాసినిగా ఇనుప గిన్నెలోకి దొర్లిస్తుంది. గిన్నె అడుగున చిల్లులు. వాటిలోంచి గాలి కొడుతుంది, ఒక కడ్డీ ఎర్రగా కాగి అంటిస్తుంది. ఐదారు నిమిషాల్లో అద్దం వెనక మంట లేస్తుంది.

ఆ మంటని మొదటిసారి చూసిన సాయంత్రం నేను సోఫాలోంచి లేచి, కాళ్లకున్న చెప్పులు విడిచి దండం పెట్టాను. అది 2014 అక్టోబరు. అంతకుముందు ఆరేళ్లు ఈ దేశంలో ఫ్లాట్లలో కరెంటు పొయ్యి మీదే వంట. హారతి ఇవ్వాలంటే ఒకరు కర్పూరం వెలిగించాలి, ఇంకొకరు స్మోక్ అలారం కింద నిలబడి తువ్వాలు విసరాలి. ఇంట్లో నిజంగా మండే నిప్పు చూసి ఎన్నాళ్లయిందో.

మా తాతగారు భోజనానికి కూర్చునే ముందు నెయ్యి తడిపిన అన్నం చిటికెడు తీసుకుని, మంత్రం చెబుతూ నిప్పులో వేసేవారు. దాన్ని వైశ్వదేవం అంటారు. అగ్నికి పెట్టకుండా ఆయన ఒక్క పూట కూడా తిని ఎరగరు. నాకు అక్షరాలతో పాటు స్వరం కూడా నేర్పింది ఆయనే. ఆ చదువు చూసే ఇక్కడి మన వాళ్లు శనివారం పారాయణకి నన్ను ముందు కూర్చోబెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగస్థుడినే అయినా, శనివారం సాయంత్రాలు ఇరవై మంది నా నోటి వెంట శ్లోకం చెప్పేవారు. అది నాకు గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మా ఆవిడ పిల్లల డాక్టరు. ఏ వస్తువు కొన్నా దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతుంది. స్టవ్ పుస్తకం కూడా చదివింది.

"ఏవండీ, విన్నారా? ఇందులో పెల్లెట్లు తప్ప ఇంకేమీ వెయ్యకూడదట. ఎర్రక్షరాలతో రాశాడు."

"ఎవరు వేస్తారే?" అన్నాను.

నాలుగు రోజులు తిరక్కుండా నేనే వేశాను.

ఆవిడకి డ్యూటీలు కాబట్టి ఫ్రిజ్ మీద ఇంటిపనుల రోటా ఒకటి అంటించింది. సాయంత్రం వంట నాది, స్టవ్ శుభ్రం చేయడం ఆవిడది. నేను ఆరింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, కుక్కర్ దించి, ఒక చెంచా అన్నం నేతిలో తడిపి, స్టవ్ తలుపు తీసి చల్లగా ఉన్న గిన్నెలో పెట్టేవాణ్ణి. తలుపు వేసి బటన్ నొక్కేవాణ్ణి. పెల్లెట్లు దాని మీద పడేవి, మంట లేచేది, నేను మంత్రం చెప్పుకునేవాణ్ణి. స్టవ్‌ని ఆపేసే రోజుదాకా, ఆ చలికాలమంతా చేస్తానని సంకల్పం కూడా చెప్పుకున్నాను. ఆవిడకి మాత్రం చెప్పలేదు. గుప్తంగా చేస్తేనే ఫలమని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నిజం వేరే. చెబితే వద్దంటుంది, అంతే.

డిసెంబరు కల్లా అద్దం నల్లబడటం మొదలైంది. ఆవిడ రోజూ తుడిచేది, మర్నాటికి మళ్లీ మసి. మంట చురుగ్గా ఉండాల్సింది పసుపుపచ్చగా, బద్ధకంగా ఊగేది. జనవరిలో ఒక ఆదివారం మూడు సార్లు కూతపెట్టి ఆగిపోయింది. కోట్లు వేసుకుని అన్నాలు తిన్నాం.

స్టవ్‌లు బాగుచేసే పెద్దాయన ఒకాయన పక్క ఊరి నుంచి వచ్చాడు. పొగగొట్టాలు తుడవడం ఆయన తండ్రి నుంచి వచ్చిన పనిట. ఇనుప గిన్నె బయటికి తీసి వెలుతురుకి ఎత్తి పట్టాడు. చిల్లులు సగం మూసుకుపోయాయి.

"ఏదో జిగురులాంటిది కాలి పట్టేసింది. పెల్లెట్లు నాసిరకమన్నా అయ్యుండాలి, గిన్నె సరిగా గోకకపోయన్నా ఉండాలి. శుభ్రం చేసేదెవరు?"

నోట్లో మాట సిద్ధంగా ఉన్నట్టు అనేశాను. "నా భార్యే. ఆవిడకి ఆస్పత్రి షిఫ్టులు, పాపం. తీరిక ఉండదు."

ఆ 'పాపం' అన్న మాటకి సమానంగా నేనేదో ఇంగ్లీషు మాట వాడాను. చాలా మర్యాదగా ఉంది అది. ఆయన వంటింటి వైపు కేకేసి ఆవిడని పిలిచాడు. ఆ ప్రాంతం వాళ్లు ఆడవాళ్లని, మగవాళ్లని కూడా ఆప్యాయంగా "మి డక్" అంటారు. బాతు అని కాదు, మనం "అమ్మా", "బాబూ" అన్నట్టు. "ఇలా రా, మి డక్" అని ఆవిడ చేతికి బ్రష్, స్క్రూడ్రైవర్ ఇచ్చి, ఏ చిల్లు ఎలా గోకాలో చూపించాడు. రోజూ చంటిపిల్లల నరాలు వెతికి సూది పెట్టే చేయి అది. వినయంగా తలూపుతూ నేర్చుకుంది. నేను పక్కనే నిలబడ్డాను.

ఆ మర్నాటి నుంచి ఆవిడ డ్యూటీకి వెళ్లే ముందు అరగంట ముందే లేచేది. దుప్పట్లో పడుకుని ఇనుము మీద స్క్రూడ్రైవర్ కీచుమనే చప్పుడు వినేవాణ్ణి. ఇప్పుడైనా మానేయొచ్చు కదా అని మీరు అనుకుంటారు. మానలేదు. సంకల్పం చెప్పుకున్నాను కదా, మధ్యలో వదిలితే దోషం. చెంచా అన్నం మానేసి ఐదు మెతుకులకి దిగాను. భార్య మీద అబద్ధం చెప్పడం దోషమా కాదా అని మాత్రం ఏ శాస్త్రంలోనూ వెతకలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పారాయణకి అందరూ మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఆంటీ ఒకావిడ స్టవ్ అద్దం కేసి చూసి నవ్వింది.

"ఏమ్మా డాక్టరమ్మా, ఊళ్లో పిల్లలందరికీ ముక్కులు తుడుస్తావు, ఇంట్లో దీని మొహం తుడవడానికి తీరిక లేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ "తుడుస్తూనే ఉన్నానండీ ఆంటీ, ఎందుకో నాకే చేతకావట్లేదు" అంది. నేను గొంతు సవరించుకుని మొదటి శ్లోకం అందుకున్నాను. స్వరం ఎక్కడా తప్పలేదు. ఆ రోజు అదేమీ అనిపించలేదు. తర్వాత తల్చుకుంటే, అది తప్పకపోవడమే నాకు భయం వేసింది.

ఏప్రిల్ చివర్లో ఎండలు వచ్చాయి. స్టవ్ ఆపేశాం. ఆవిడ సెలవు రోజున పుస్తకం తెరిచి పెట్టుకుని, సీజన్ చివర చేయాల్సినవన్నీ ఒక్కొక్కటే చేస్తోంది. తొట్టిలో మిగిలిన పెల్లెట్లు తోడేసింది, ఉంచేస్తే చెమ్మకి ఉబ్బి మరలో ఇరుక్కుంటాయట. అడుగున మిగిలిన పొట్టుని నేను వాక్యూమ్‌తో లాగాను. గాలి చొరకుండా తలుపు చుట్టూ బిగించిన తాడు ఎక్కడైనా వదులైందేమో వేలితో నొక్కి చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, గిన్నె తీసేసి, చలికాలమంతా చేయి పట్టని ఆ వెనక మూలలోకి టార్చి వేసింది.

చాలాసేపు కదల్లేదు. చిమటాతో దేన్నో తీసి అరచేతిలో పెట్టుకుంది. గిన్నె అంచు మీంచి వెనక్కి జారిపడి, మంట తగలక, వేడికి వేగి గోధుమరంగుకి తిరిగినవి. ఒకదానికొకటి అంటుకున్న నాలుగైదు గింజలు.

"ఇవి మెతుకులు కదూ?"

"ఎలుకలు తెచ్చిపెట్టాయేమో" అన్నాను.

అన్నాను. అప్పుడు కూడా.

ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఎలుకలు నెయ్యి కూడా వేసుకుంటున్నాయా?"

వాక్యూమ్ ఆపేశాను. ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. మెతుకుల వైపే చూస్తోంది.

"వైశ్వదేవమా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"కొన్న దగ్గర్నుంచి."

"ఆయన వచ్చి నాకు గోకడం నేర్పించిన రోజు కూడా?"

"ఆ రోజు సాయంత్రం కూడా."

కోప్పడుతుందనుకున్నాను. మెతుకుల్ని ఒక కాగితంలో జాగ్రత్తగా మడిచి గట్టు మీద పెట్టింది. "నాకు చెబితే దొడ్లో కుంపటి పెట్టి ఇచ్చేదాన్ని" అంది. మళ్లీ కాసేపటికి, "నాకే ఏదో చేతకావట్లేదని ఇన్నాళ్లూ అనుకున్నానండీ. వార్డులో కూడా ఒక్కోసారి చేసిన పనే రెండోసారి చూసుకుంటున్నాను" అంది.

కింద పరిచిన పాత దుప్పటి మీద బూడిద పడి ఉంది. దాన్ని ఎత్తుతూ కూర్చున్నాను.

ఆ తర్వాతి వారం పొగగొట్టం తుడవడానికి ఆ పెద్దాయనే వచ్చాడు. పొడుగాటి బ్రష్ గొట్టంలోకి ఎక్కిస్తుంటే నేనే వెళ్లి నిలబడ్డాను. వైశ్వదేవానికి ఇంగ్లీషులో మాట లేదు. "ఆ గిన్నె మూసుకుపోవడం నా భార్య తప్పు కాదు. రోజూ నేను అందులో అన్నం పెట్టాను. దేవుడికి" అన్నాను.

ఆయన బ్రష్ ఆపాడు. "ఎంత అన్నం?"

"ముందు చెంచాడు. తర్వాత ఐదు మెతుకులు."

"మా నానమ్మ బంగాళాదుంప తొక్కలు వేసేది పొయ్యిలో. మసి రాలుతుందని" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, మసి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. "క్షమించాలి, మి డక్. ఆ రోజు నీకు అనవసరంగా పాఠం చెప్పాను" అన్నాడు.

మా ఆవిడ "పర్వాలేదండీ" అంది, ఇంగ్లీషులో. నేను ఆయన వెనకాల ఉన్నాను. నా తప్పు చెప్పాను గానీ, ఆ ఒక్క మాట నేను ఇంకా ఆవిడతో అనలేదన్నది అప్పుడు తట్టింది. ఏ తప్పూ లేని మనిషి అనేసి వెళ్లి, మళ్లీ బ్రష్ అందుకున్నాడు.

అయినా ముందు సభలో చెబుతాను, సభలోనే కదా ఆవిడ తలవంచుకుంది అనుకున్నాను. రెండు వారాల తర్వాత పారాయణ మా ఇంట్లో. స్టవ్ చల్లగా ఉంది, అద్దం తళతళలాడుతోంది, చెమ్మ పట్టకుండా తలుపు ఓరగా తీసి ఉంచింది ఆవిడ. ఆంటీ చూసి, "హమ్మయ్య, మొత్తానికి తీరిక దొరికిందన్నమాట!" అంది.

లేచి నిలబడి మొత్తం చెప్పాను. మెతుకులు, నెయ్యి, మా ఆవిడ మీద వేసిన నింద, అన్నీ. ముగించి తలవంచుకున్నాను.

రిటైరైన డాక్టర్ అంకుల్ ఒకాయన కళ్లజోడు సర్దుకుని, "అది లౌకికాగ్నే కదా నాయనా, ఇంట్లో మామూలుగా వాడుకునే నిప్పు. అందులో వైశ్వదేవం చేసుకోవచ్చు. దోషం లేదు" అన్నారు.

"కరెంటుతో అంటుకున్న నిప్పు కదండీ, అది పనికొస్తుందా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"అంటించింది ఏదైతేనేం, మండేది కట్టేగా!"

"ఈ దేశంలో, ఈ ఉద్యోగాల్లో, ఒక్క పూట తప్పకుండా!" అని ఆంటీ కళ్లొత్తుకుంది. "మా ఆయనకి స్టవ్ వెలిగించడమే రాదు. నువ్వు అదృష్టవంతురాలివమ్మా, డాక్టరమ్మా!"

ఒకాయన లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. క్షమాపణ చెప్పుకోవడానికి లేచినవాణ్ణి, అంతకుముందుకన్నా పెద్దవాణ్ణై కూర్చున్నాను. ఎవ్వరూ మా ఆవిడతో "అయ్యో, నిన్ను అన్నామే" అనలేదు. ఆవిడ అందరి వంకా చూసి చిన్నగా నవ్వి, ప్రసాదం తెస్తానని లోపలికి వెళ్లిపోయింది.

శ్లోకం మొదలుపెట్టమంటున్నారు. ఒక్క నిమిషం అని వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ పులిహోర కలుపుతోంది.

"నన్ను క్షమించు" అన్నాను.

"ఎవరితో అంటున్నారు? నాతోనా, అగ్నిహోత్రుడితోనా?"

"నీతోనే."

"ఆ పెద్దాయన మసిచేతులతోనే వచ్చి అనేశాడు. మీకు మూడు వారాలు పట్టింది." ప్లేట్ల దొంతర నా చేతిలో పెట్టింది. "వెళ్లండి, మీకోసం ఎదురుచూస్తున్నారు."

ఆ అక్టోబరు నుంచి ఫ్రిజ్ మీది రోటాలో స్టవ్ ఎదురుగా నా పేరు ఉంది. రాసింది నేనే. దొడ్లో కుంపటి కూడా వచ్చింది, అది మాత్రం ఆవిడే తెచ్చింది. పొద్దున్నే మోకాళ్లు నొప్పి పుట్టేలా కూర్చుని ఒక్కొక్క చిల్లూ గోకడం ఎంత పనో అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, నేను శుభ్రం చేసి పెట్టిన గిన్నెని ఆవిడ వారానికోసారి బయటికి తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, చిల్లుల్లోంచి చూసేది. బాగుందని అనేది కాదు. బాగాలేదనీ అనేది కాదు. చూసి, మళ్లీ దాని చోట పెట్టేసేది. అంతసేపూ నేను పక్కనే నిలబడేవాణ్ణి.