సార్ లెక్కపెట్టిన సెకన్లు

మా కంప్యూటర్ సార్ ప్రభువునందు నిద్రించారని గత నెల ఒక ఆదివారం ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. "పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారమ్మా, మళ్లీ లేవలేదు. నీ మాట తరచూ చెప్పేవారు" అన్నారు. ఆ చివరి మాటకి నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దుఃఖం ఉంది గానీ, అంతకన్నా ఎక్కువగా రోతగా ఉంది. అందులో సగం నా మీదే.

తిరువూరులో మేం చదివిన కాలేజీ ల్యాబులో ఇరవై కంప్యూటర్లుండేవి. ఏదో కంపెనీ వదిలించుకున్న పాతవి. వాటిలో సార్ ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించారు. దేశదేశాల వాళ్లు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసేది. రోజూ పొద్దున్నే జేబులోంచి పాత టూత్‌బ్రష్ తీసి ఇరవై కీబోర్డులూ దులిపాకే మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు. అన్నీ బాగానే నడిచేవి. ఒకటే జబ్బు. మెమరీ నిండితే మిషను మొత్తం బిగుసుకుపోయేది, మౌస్ బాణం కూడా కదిలేది కాదు. పిల్లలు విసుగెత్తి స్విచ్ ఆపేసేవాళ్లు, రాసిన ప్రోగ్రాం కాస్తా పోయేది. ప్రాక్టికల్ పరీక్షలో నాదీ అలాగే పోయింది.

"స్లోగా ఉందండి సార్" అని ఏడుస్తూ చెప్పాను.

"స్లో అంటే అది తిట్టమ్మాయ్. ఎన్ని సెకన్లో చెప్పు" అన్నారు. చేతి గడియారం విప్పి కీబోర్డు పక్కన పెట్టారు. "మౌస్ మీంచి చెయ్యి తియ్యకు. బాణం ఎప్పుడు కదిలిందో నీకు తెలియాలి."

అలా లెక్కపెట్టిన ప్రతిసారీ తేదీ, సెకన్లు ల్యాబు బీరువా తలుపు మీద చాక్‌పీసుతో రాసేవారు. ఊడ్చే ఆవిడని కూడా ఆ తలుపు తుడవనిచ్చేవారు కాదు.

ఆ అంకెలన్నీ ఎక్కించి, ఆ సిస్టం రాసేవాళ్లు చర్చించుకునే సైట్‌లో ఫిర్యాదు పెట్టారు. చివర 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని రాశారు. ఆ ఇంగ్లీషు చూసి సైట్‌లోవాళ్లు నవ్వుకున్నారు. మా ల్యాప్‌టాప్‌లో ఈ జబ్బు రావడం లేదే అన్నాడొకడు. ఆ మిషన్లని మ్యూజియంకి ఇచ్చెయ్యండి అని ఇంకొకడు రాస్తే, దాని కింద భలే అన్నట్టు పైకెత్తిన బొటనవేళ్ల గుర్తులు వరసకట్టాయి. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ, ఇందులో చూశారా అని అడిగేవాళ్లు. సార్ ఇరవై మిషన్ల మీదా చూసి, సెకన్లతో సహా జవాబు రాసేవారు. గట్టిగా అడిగితే, మేం ఉచితంగా చేస్తున్నాం కదా అనేవాళ్లు. సార్‌కి మాత్రం ఎవరిచ్చారు జీతం, ఆ సెకన్లు లెక్కపెట్టినందుకు?

ఆ బొటనవేళ్లలో ఒకటి నాది. అప్పటికి విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ, ఆ సైట్‌లో ఫిర్యాదులు వడపోసే పనికి పేరిచ్చాను. రాసింది మా సారే అని తెలుసు. ఆయన మా సార్ అని చెబితే ఆ నవ్వు నాకూ అంటుకుంటుందని భయం. ఒకసారైతే ఏ మిషనూ ముట్టుకోకుండానే, 'మా దగ్గర రావడం లేదు' అని రాసి ఆ ఫిర్యాదు మూసేశాను.

సార్ దాన్ని మళ్లీ తెరిపించి ఒకే ఒక్క వాక్యం రాశారు. "మేడమ్ గారూ, ఎన్ని సెకన్లు చూశారో చెప్పగలరా?"

పైన నా పేరు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. నన్నెప్పుడూ అమ్మాయ్ అని తప్ప పిలవని మనిషి. నేను ఆ పేజీ మూసేసి ఇంకో ఫిర్యాదు తెరిచాను. ఆ తర్వాత బస్టాండులో కలిసినప్పుడు అరటిపళ్లు కొని చేతిలో పెట్టి, "ఉద్యోగం ఎలా ఉందమ్మాయ్" అని మాత్రం అడిగారు.

ఆయన పోయిన రెండు వారాలకి ఆ సైట్‌లో ప్రోగ్రామే తనంతట తాను పెట్టే సందేశం ఒకటి పడింది. 'ఫిర్యాదుదారు నుంచి జవాబు లేనందున మూసివేయడమైనది.' దాని కింద ఎవడో 'హమ్మయ్య' అని రాశాడు. వాడెవడో నాకు తెలియదు గానీ, నాలుగేళ్ల క్రితం నేను ముసిముసిగా నవ్వుకున్నదీ అదే నవ్వు.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక కాలేజీకి వెళ్లాను. "శనివారం పాత సామాన్ల వాళ్లు వచ్చి ఇవన్నీ పట్టుకుపోతారమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అవి పోతే ఆ జబ్బు ఉందనడానికి సార్ అంకెలు తప్ప ఏమీ మిగలదు. ఆ అంకెల్ని నమ్మినవాళ్లు లేరు. ఒక్క గంట ఇవ్వండని అడిగాను.

ముందు ఫోన్‌లో జవాబు రాశాను. ఇది మా సార్ పెట్టిన ఫిర్యాదు, ఆయన చనిపోయారు, వెనక దీన్ని నేను చూడకుండానే మూసేశాను, ఇప్పుడు ఆయన మిషను మీదే చూశాను అని నా పేరుతోనే రాసి, పంపకుండా సెకన్ల దగ్గర ఖాళీ వదిలాను. సార్ కూర్చునే మూల మిషనులో కొత్త వెర్షన్ ఎక్కించి, ఒకదాని మీద ఒకటి ప్రోగ్రాములు తెరుస్తూ పోయాను. బాణం తెర మధ్యలో ఆగిపోగానే సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బీరువా తలుపు మీద సార్ చివరి వరస కింద జానెడు చోటుంది. బయట ఆటోవాడు విస్సన్నపేట, విస్సన్నపేట అని అరుస్తున్నాడు. ముప్పై దాటింది, నలభై దాటింది. నేను చెయ్యి తియ్యలేదు.