సున్నా దగ్గర ముల్లు

మా ఎదురింటి ఆంతోని మామ ఏ మీటరునూ చూడగానే నమ్మడు. ముందు చూపుడువేలితో దాని అద్దం మీద రెండుసార్లు తడతాడు. ముల్లు ఇరుక్కుపోయి అబద్ధం చెబుతోందేమోనని ఆయన అనుమానం. ఊరి శివారు మనలిలో ఒక కెమికల్ కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా బాయిలరు నడుపుతున్న మనిషి, చదివింది ఎనిమిది. వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధిలో ఎవరి కుక్కరు మొరాయించినా ఆయన దగ్గరికే వస్తుంది.

నేను వెళ్లింది మాత్రం ఫిజిక్సు మొరాయించి. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, హాఫ్ ఇయర్లీ పరీక్షలో తప్పాను. సోమవారం మళ్లీ పరీక్ష. అందులోనూ ముప్పై ఐదు రాకపోతే కామర్సు గ్రూపుకి మార్చేస్తామన్నారు. మా నాన్నకి లోలోపల సంతోషమే, బట్టల కొట్టుకి పనికొచ్చేది కామర్సే కదా! నాకు ఏడుపొచ్చింది. మార్కులు రాకపోయినా ఫిజిక్సంటే నాకు ఇష్టం. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

శనివారం సాయంత్రం థర్మోడైనమిక్స్ హోంవర్కు పట్టుకుని మామ ఇంట్లో కూర్చున్నాను. మూడో లెక్క దగ్గర బండి ఆగింది. గట్టిగా మూసిన డబ్బాలో గాలి ఉంది. ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఒత్తిడి కొలిచే గేజీ సున్నా చూపిస్తోంది. మూడు వందల ఇరవై ఏడుకి వేడి చేస్తే ఎంత చూపిస్తుంది?

"కెల్విన్‌లో మూడొందలు ఆరొందలవుతాది మామా. అంటే ప్రెషరు రెండింతలు. సున్నాకి రెండింతలు సున్నా దా, సున్నాయే గదా?"

"లెక్క నాకు తెలీదు పాపా. ముల్లు మాత్రం లేస్తాది. మూసిపెట్టి మంట పెడితే లేవకుండా ఎట్లుంటాది?"

"ఎందుకు లేస్తాది?"

"లేస్తాది, అంతే!"

ఆ కోపం నా మీద కాదు. తనకి తెలిసిన సంగతికి కారణం తెలియకపోతే ఆయనకి ఏదీ సయించదు. భార్య జెబ అత్త తెచ్చిన బజ్జీల ప్లేటు కూడా పక్కకి నెట్టేశాడు. కాసేపటికి తనే మొదలుపెట్టాడు.

"నేను చేరిన కొత్తల్లో ఒకసారి బాయిలరు ఆపినాము. చల్లారేటప్పుడు పైన గాలి కుళాయి, ఎయిర్ కాక్ అంటాము, అది తెరవాల. మరిచిపోయినా. మర్నాడు చూస్తే ముల్లు సున్నాలో ఉండాది. అడుగున డ్రెయిన్ తెరిస్తే బొట్టు నీళ్లు పడలే. లోపల ఉండేదంతా నీళ్లే! మా పెద్దాయన సుబ్బన్ అన్న వచ్చి పైన కాక్ తిప్పినాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది పాపా, బయటికి కాదు. అప్పుడు పడినాయి నీళ్లు, దబదబా."

"ఆ తర్వాత ముల్లు ఏడ ఉండింది?"

"సున్నాలో దా. ఆ గేజీలో సున్నా కింద గీతలే లేవు."

అప్పుడు నాకు అర్థమైంది. కాక్ తెరవక ముందూ సున్నాయే, తెరిచాకా సున్నాయే. కానీ లోపలి సంగతి ఒకటి కాదు. తెరవక ముందు ఆవిరి చల్లారి నీళ్లైపోయింది కాబట్టి లోపల ఒత్తిడి బయటికంటే తక్కువ. తెరిచాక లోపలా బయటా సమానం. అంటే సున్నా కింద కూడా గీతలున్న మంచి గేజీ సున్నా చూపిస్తే లోపల ఏమీ లేదని కాదు, బయటి గాలి ఒత్తిడి ఎంతో అంత ఉందని. అది ఒక అట్మాస్ఫియర్. దానికి రెండింతలు రెండు. అందులోంచి బయటిది ఒకటి తీసేస్తే గేజీ చూపేది ఒకటి.

అదంతా మామకి చెప్పాను.

"ఇరవై ఆరేండ్లుగా ఆ సున్నానే చూస్తా ఉండానే," అన్నాడు. "సుబ్బన్ అన్న తెరువు అన్నాడు, తెరిచినా. ఎందుకని అడగనే లే." ముఖంలో సిగ్గుంది, దాన్ని మించి సంతోషముంది. బజ్జీల ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకో లెక్క ఎత్తు పాపా."

సోమవారం పరీక్షలో అలాంటి గేజీ లెక్కే వచ్చింది. బుధవారం పేపరు దిద్ది ఇచ్చారు. గేజీ లెక్కకి ఐదుకి ఐదు, మొత్తం ముప్పై ఎనిమిది. ఆ ఐదూ రాకపోతే నేను కామర్సే. ఇంటికి కూడా వెళ్లకుండా మామ గుమ్మంలో నిలబడ్డాను. షిఫ్టు దిగి అప్పుడే వచ్చినట్టున్నాడు, యూనిఫారం కూడా మార్చలేదు. పేపరు చేతికిచ్చాను.

ఎర్ర ఇంకుతో వేసిన ముప్పై ఎనిమిదిని పరీక్షగా చూశాడు. తర్వాత చూపుడువేలితో దాని మీద రెండుసార్లు తట్టాడు.

"ఇరుక్కోలేదు పాపా," అన్నాడు. "నిజం దా."