పట్టపగలు పెట్టిన దీపం

నా చిన్నప్పుడు పట్టపగలు వెలిగించిన దీపాన్ని ఒక్కసారే చూశాను. మళ్లీ చూడాలని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు మేం సికింద్రాబాదులో, బన్సీలాల్‌పేటలో ఉండేవాళ్లం. ఇండియా యూనియన్ సైన్యం వచ్చి, నిజాం రాజ్యం పడిపోయి కొద్ది రోజులే అయింది. విమానాలు పోయిన చప్పుడు విన్నాం, ఆ తర్వాత ఏమీ వినబడలేదు. ఆ ఏమీ వినబడకపోవడమే ఎక్కువ భయంగా ఉండేది. బజారంతా మూసిన తలుపులే. పాత పోలీసులు కనబడరు, కొత్తవాళ్లు ఇంకా రాలేదు. కోర్టు కచేరీకి తాళం.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది నానమ్మే. కార్ఖానా అనే పేటలో దొరల బంగళాల్లో ఆయాగా చేసి, నోరు కట్టుకుని కూడబెట్టిన డబ్బును ఆమె ఒక బట్టల కొట్టు సేటు దగ్గర ఉంచింది. సంతకం రానివాళ్లకు ఆ రోజుల్లో సేటే బ్యాంకు. ఆ డబ్బు నా చదువు కోసం. వీధి బడిలో రెండో తరగతి అయిపోగానే నన్ను మిషన్ బడి హాస్టల్లో చేర్పించి, ఎప్పటికైనా టీచరమ్మను చేయాలని ఆమె పట్టు.

ఒక పొద్దున పక్కింటి అక్క వచ్చి, గడప దాటకుండానే గొంతు తగ్గించి, "సేటు దీపం పెట్టిండు" అంది. నానమ్మ చేటను పక్కన పెట్టింది. నా చేయి పట్టుకుని నడిచింది.

ఎవరో చనిపోయారనుకున్నాను. కొట్టు దగ్గరికి వెళ్లాక ఆ అనుమానం ఇంకా బలపడింది. బజారులో తలుపులు తెరిచిన కొట్టు అదొక్కటే. సేటు రోజూ కూర్చునే పరుపును తిరగేసి పెట్టారు. దాని ముందు ఇత్తడి కుందిలో దీపం వెలుగుతోంది. వాన వెలిసిన ఎండలో ఆ మంట కనబడీ కనబడనట్టుంది, దాని మీద గాలి వణకడం మాత్రమే తెలుస్తోంది. పక్కన నేల మీద సేటు. తలపాగా లేదు. అది ఉండే మేరకు నుదురంతా ఎండ సోకక పాలిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు. పెదవి మీద ఈగ వాలితే తోలుకోలేదు.

చుట్టూ చేరినవాళ్లు అతని గురించి మాట్లాడుకుంటున్నారు. మంచి మనిషి ఉండె అని ఒకరు, మాట తప్పెటోడు కాకుండె అని ఇంకొకరు. ఎదురుగా ఊపిరి పీలుస్తున్న మనిషిని పోయినవాడిగా చెప్పుకుంటున్నారు. నేను నానమ్మ కొంగు చాటుకు చేరి, సేటు రొమ్ము కదులుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాను.

అది వ్యాపారుల పాత ఆచారమట. అప్పులు తీర్చలేనివాడు పగటిపూట దీపం పెట్టి, తలుపులు తెరిచి కూర్చుంటాడు. ఉన్నదంతా ఇక్కడే ఉంది, అందరూ కలిసి పంచుకోండి అని దాని అర్థం. ఆ దీపం ముందు అతన్ని కొట్టకూడదు, తిట్టకూడదు. ఎవరికి రావలసినదాన్ని బట్టి వారికి వాటా. ఇప్పుడు కోర్టులు చేసే పనే అది.

సేటు జూదమాడి చెడినవాడు కాదు. ఏడాదిగా రాజ్యం సరిహద్దులు బిగిసిపోయి, అతని బట్టల బేళ్లు దారిలోనే ఆగిపోయాయి. అప్పు మీద పట్టుబట్టలు కొన్న జాగీర్దార్లు, కొలువుల పెద్దలు ఇళ్లకు తాళాలేసి ఎటో వెళ్లిపోయారు. మిగిలిన నిజాం రూపాయలు, వాటిని హాలీ అనేవాళ్లం, బొంబాయి మిల్లులవాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు ఇండియా రూపాయే కావాలి. అంత పెద్ద రాజ్యం పడిపోతే దానికి ఎవరూ దీపం పెట్టలేదు. పెట్టినవాడు ఈ సేటొక్కడే.

నాకు దాహమేసింది. నీళ్ల కోసం పెరటి వైపు వెళ్లాను. అక్కడ తలుపు సందులోంచి ఒక చేయి బయటికి వచ్చి నన్ను లోపలికి లాగింది. సేటమ్మ. నా తలను ఎన్నోసార్లు దువ్వి జడ వేసిన మనిషే, అయినా ఆ చీకట్లో ఆమె ముఖం నాకు గుర్తుపట్టరానిదిగా తోచింది. నడుముకున్న వెండి వడ్డాణం విప్పి, నా లంగా కుచ్చిళ్ల లోపల కట్టింది. ఆమె ఒంటి వేడి ఇంకా దాని మీద ఉంది.

"మీ నానమ్మకియ్యి బిడ్డా. గరీబుది, ఆమెది మునగొద్దు. సేటు సుత గదే అన్నడు."

ముందుకు తిరిగి వచ్చాను. నానమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది.

"ఏందే, నడక గట్లున్నది?"

చెవిలో చెప్పాను. ఆమె సేటు వైపు చూసింది. సేటు కళ్లు అప్పుడే మొదటిసారి కదిలి, మా మీద ఆగాయి.

"ఫీజుకు సరిపోతదా నానమ్మా?" అన్నాను.

"సరిపోతది. మిగులుతది సుత."

అని, అందరూ చూస్తుండగా నా లంగాలోంచి వడ్డాణం తీసి దీపం ముందు పెట్టింది.

ఒక పెద్ద కాంట్రాక్టరు తరఫున వచ్చిన మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. అతను నవ్వి, ముసలమ్మకు ముందుగాలనే ముట్టినట్టున్నది అన్నాడు.

"ముట్టింది. గందుకే ఇడుస్తున్న. నీకేమన్న ముట్టివుంటే నువ్వు సుత ఇడువు" అంది నానమ్మ.

ఎవరూ నవ్వలేదు. తర్వాత నా పక్కనున్న ముసలాయన కొట్టులోంచి ముందే తీసి దాచుకున్న పట్టు తానును గొంగడి లోపలినుంచి బయటికి తీసి, దీపం దగ్గర ఉంచి, తల దించుకుని వెనక్కి వచ్చాడు. ఇంకొకావిడ చంకలోంచి రెండు చీరలు తీసింది. కాంట్రాక్టరు మనిషి బయటికి వెళ్లి, బండి మీదికి అప్పుడే ఎక్కించిన మూటను దింపించాడు. ఒక్కొక్కరే వస్తున్నారు, పెడుతున్నారు, పోతున్నారు. శవం మీద పూలు వేసి వెళ్తున్నట్టే ఉంది. అప్పుడు సేటు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతను బతికే ఉన్నాడని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

దారిలో ఏడుస్తూ అడిగాను, ఇచ్చిందాన్ని ఎందుకు తీసుకోలేదని. నానమ్మ నడక ఆపలేదు.

"పారిపోయెటోళ్లు పారిపోయిన్రు. ఈయన కూసున్నడు. సొమ్ము లేనోడే, దొంగ గాదు. గది మనం తీస్కుంటె ఈయనను మనమే దొంగను చేసినట్టు."

కచేరీ తెరిచాక కోర్టు అమీను వచ్చి కొట్టుకు లక్క ముద్ర వేశాడు. వేలం, పంపకం అయ్యేసరికి చాలా కాలం పట్టింది. మాకు రూపాయికి మూడణాల చొప్పున వచ్చింది, అదీ హాలీలో. మిషన్ బడికి నేను పోలేదు. హాస్టల్ కోసమని కుట్టించిన రెండు గౌన్లను నానమ్మ విప్పి దిండు గలేబులు చేసింది. ఆ విషయం గురించి ఆమె నాకు సర్దిచెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. ఆమె మీద కోపం మాత్రం చాలా ఏళ్లు ఉండేది. ఉందని ఆమెకూ తెలుసు.

మొన్నీమధ్య నేను డబ్బు దాచుకున్న చిన్న సహకార బ్యాంకు మూతపడింది. ఇప్పుడు దీపాల్లేవు, తలుపు మీద కాగితం అంటిస్తారు. అందులో పనిచేసే మా దూరపు చుట్టం సాయంత్రం వచ్చి, అత్తమ్మా, మీది నేను ముందే తీయిస్తా, ఎవరికీ చెప్పకండి అన్నాడు. ఆ డబ్బు నా కంటి ఆపరేషనుకు దాచింది. అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని, ఇప్పుడు అవీ అలుక్కుపోతున్నాయి. మా అబ్బాయి నా వైపు ఆశగా చూశాడు. నేను ఆ చుట్టానికి చాయ్ పోసి పంపించాను.

మరుసటి రోజు పోయి అందరితోపాటు నా పేరు రాయించి వచ్చాను. నా వంతు ఇంకా రాలేదు.