కత్తెరక్క పట్టీలు

మా కుట్టు కంపెనీలో గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర ఇరవై ఏళ్లుగా నిలబడ్డ మనిషిని అందరూ కత్తెరక్క అంటారు. నోరు కూడా కత్తెరే. నాకు వరసకు ఏమీ కాదు. ఆవిడ కత్తిరిస్తే నేను గుండీలు కుడతాను, అంతే మా చుట్టరికం. అయినా ఆవిడ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

మాది రెండో షిఫ్టు. మధ్యాహ్నం ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతాం. పద్నాలుగు మంది ఆడవాళ్లం దీపాల్లేని రోడ్డు మీద మైలు దూరం నడిచి ఇళ్లకు చేరాలి. ఆ షిఫ్టే కత్తెరక్కకు ప్రాణం. ఆవిడ భర్త గోడలకు రంగులేసే మనిషి, నిచ్చెన మీంచి పడితే నడుం దెబ్బతింది. రోజూ పొద్దున ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ మొదట్నుంచి నడక నేర్పించాలి. ఇల్లు గడవాలంటే ఉద్యోగం కావాలి, ఆయన నడవాలంటే పొద్దుటి పూట ఖాళీ ఉండాలి.

చలికాలం మొదట్లో ఒక రాత్రి ఆ రోడ్డు మీదే ఒక వ్యాను మా ఇస్త్రీ పిన్నిని రాసుకుంటూ పోయింది. మనిషి ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ, చేతిసంచీ ఎగిరి చక్రం కింద పడి, అందులోని టిఫిను డబ్బా చదునైపోయింది. మర్నాడు యజమాని మమ్మల్ని పిలిచాడు.

"వచ్చే నెల నుంచి ఆడవాళ్లకి రెండో షిఫ్టు లేదమ్మా. అందరూ పొద్దున్నే రండి. ఎవరికైనా ఏదైనా అయితే నేను తట్టుకోలేను."

"మీరు తట్టుకోలేరు సరే, మరి నేనేమైపోవాలి సార్?" అంది కత్తెరక్క. "డ్రైవరుకి పిన్ని కనబడలేదు. కనబడితే తప్పుకుని పోయేవాడేగా! మేమందరం కనబడేలా చేస్తాను, ఒక్క వారం టైమివ్వండి."

యజమాని చాలాసేపు తల గోక్కున్నాడు. "శనివారం రాత్రి నా కారులో ఎదురొస్తాను. మీ దారిలో వంతెన మలుపు తిరగ్గానే పద్నాలుగు మందీ కనబడాలి. ఒక్కరు తగ్గినా షిఫ్టు తీసేస్తాను" అన్నాడు.

సిగ్గుచేటు సంగతి ఒకటి చెబుతాను. మేం కుట్టేది రోడ్డు పనివాళ్లు వేసుకునే జాకెట్లు. లైటు పడితే ధగధగ మెరిసే పట్టీలు వాటికి మీటర్ల కొద్దీ కుడతాం. ఇంటికి మాత్రం నల్ల శాలువాలు కప్పుకుని పోతాం. దీపం కింద చీకటంటే మేమే.

తుక్కులో పడేసే పట్టీ ముక్కలను కత్తెరక్క అడిగి తీసుకుని, మేం చీరల మీద తొడుక్కునే కంపెనీ చొక్కాలకు భుజాల మీద, వీపున కుట్టించింది. గురువారం రాత్రి వాచ్‌మన్ మోటారు సైకిలు మీద వంతెన వైపు నుంచి వచ్చి చూశాడు.

"ఏం కనబడింది తమ్ముడూ?" అని అడిగింది కత్తెరక్క ఆశగా.

"చీకటి కనబడిందక్కా."

చలికి అందరం శాలువాలు కప్పుకున్నాం, వాటి మీద సంచులు తగిలించుకున్నాం. పట్టీలన్నీ వాటి కింద హాయిగా నిద్రపోతున్నాయి. ఆ రాత్రి కత్తెరక్క ఇంటిదాకా తన శాలువా తీసి కప్పి, కప్పి తీసి చూసుకుంటూనే నడిచింది.

శుక్రవారానికీ ఇంకో దారి తోచలేదు. అయినా "రేపు ఎవరూ పట్టీలు మర్చిపోవద్దు!" అని కేకేసింది. ఆవిరి బుసలో ఏం వినబడిందో ఏమో, శనివారం ఇస్త్రీ పిన్ని ఘల్లుఘల్లుమంటూ వచ్చింది. కాళ్లకు పెళ్లినాటి వెండి పట్టీలు!

"పట్టీలు మర్చిపోవద్దన్నారుగా! వీటి కోసం బీరువా అంతా తిరగేశాను" అంది పిన్ని. మేం పడీపడీ నవ్వాం.

కత్తెరక్క నవ్వలేదు. వంగి పిన్ని కాళ్లకేసి చూసింది.

"నవ్వింది చాల్లే. పిన్నే మనకి దారి చూపించింది. శాలువా కాళ్లదాకా రాదు, సంచీ అసలే రాదు. పైగా నడుస్తుంటే కదిలేవి కాళ్లేగా! కదిలేదాని మీదకే కన్ను పోతుంది."

టీ విరామంలో ఒక్కరూ టీ తాగలేదు. కాలికొకటి చొప్పున, వెల్క్రోతో అతుక్కునేలా ఇరవై ఎనిమిది పట్టీలు తయారయ్యాయి. చీర కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి దోపుకోమంది. నడక కూడా మార్చింది. ఇక బండ్లకు వీపు చూపించి నడవకూడదు, వాటికి ఎదురుగానే నడవాలి. ఒకరి వెనక ఒకరం, ముందు టార్చి పట్టుకుని తను.

ఆ రాత్రి కారు మలుపు తిరిగింది. తిరిగిన చోటే ఆగిపోయింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. యజమాని దిగి, మా దాకా నడుచుకుంటూ వచ్చాడు.

"అక్కడే లెక్కపెట్టేశానమ్మా. ఇరవై ఎనిమిది కాళ్లు! మనుషుల కన్నా ముందు కాళ్లొచ్చేస్తున్నాయి" అన్నాడు నవ్వుతూ. "షిఫ్టు ఎక్కడికీ పోదు."

మేం వేసిన కేకలకు వంతెన కింద కుక్కలు లేచి మొరిగాయి. పిన్ని నా భుజం మీద ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

నాలుగు నెలలు గడిచాయి. ఒక రాత్రి ఇంటికి వెళ్తుంటే, ముందు నడుస్తున్న కత్తెరక్క టార్చి పైకెత్తి ఆగిపోయింది. దూరంగా రెండు పట్టీలు మెరుస్తూ మాకెదురొస్తున్నాయి. ఒకటి చక్కగా లేస్తోంది. రెండోది కాస్త ఆలస్యంగా, నేలను రాసుకుంటూ వస్తోంది.

"ఎవరక్కా అది?" అన్నాను.

"మా ఆయనే" అంది. "ఒక్కరే నడిచొస్తున్నారే!"

వరస తప్పితే తోలు తీస్తానని మమ్మల్ని రోజూ బెదిరించే మనిషి, టార్చి నా చేతిలో పెట్టి, వరస వదిలేసి పరుగెత్తింది. నాలుగు పట్టీలూ ఒక్కచోట చేరేదాకా నేను టార్చి దించలేదు.