చరణం మధ్యలో తెగిన గొంతు

జైలు ఆసుపత్రి నర్సమ్మ చనిపోయిందని పోయిన వారం కబురు వచ్చింది. సమాధి కార్యక్రమానికి కడప వెళ్ళాను. మాట్లాడినవాళ్ళంతా ఆమె మంచితనం గురించి చెప్పారు. ఖైదీల పాట విని ఆమె వాళ్ళ జబ్బు పసిగట్టేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది జైలు గోడల లోపలి సంగతి, వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకే రాసే అలవాటు లేకపోయినా, మా పిల్లల కోసం రాస్తున్నాను.

మా తమ్ముడు శిక్షపడి ఆమె పనిచేసే ఆ జైల్లోనే ఉన్నాడు. కోయిలకుంట్ల నుంచి నెలకొకసారి మా చర్చి సంఘం ఆడవాళ్ళతో కలిసి అక్కడికి ఆరాధనకు వెళ్ళేదాన్ని. ఖైదీలందరికీ ఊపిరితిత్తుల పరీక్షలు మామూలుగా జరిగేవి. "దగ్గుందా?" అని వరసలో నిలబెట్టి అడిగితే అందరూ లేదనేవాళ్ళే. ఉందంటే వేరే గదిలో పెడతారని, ఇంటివాళ్ళను చూడనివ్వరని భయం. నర్సమ్మ మా ఆరాధనను హాల్లోంచి ఆరుబయటికి మార్పించింది. ఎండ అని పాస్టరుగారు నసిగితే, "గాలాడే చోట పాడినా దేవుడు వింటాడయ్యగారూ" అనింది. "అక్కా, చరణం పొడుగుండే పాట ఎత్తుకో" అని నాకు చెప్పి పక్కన నిలబడేది. మాతో పాడే ఖైదీల్లో ఎవరి గొంతు చరణం మధ్యలో తెగితే వాళ్ళను తర్వాత పిలిచేది.

ఒక ఆదివారం మా తమ్ముణ్ణి పిలిచింది.

"ఏమప్పా, సగంలో ఆపేస్తివే?"

"దుమ్ము మేడం."

"ఇంతమందిలో ఆ దుమ్ము నీ ఒక్కని నోట్లోనే పడెనా? పరీక్షకు కళ్లె ఇచ్చిపో."

వాడు చేతులు జోడించాడు. "మాయమ్మ మంచంలో ఉండాది మేడం. పెరోల్ వచ్చింది. చూసొచ్చి ఇస్తా."

"పోతానే ఆమె పక్కన కూర్చుంటావు. దగ్గేది ఆమె మొగం మీదనే గదా?"

క్షయ అని తేలింది. పెరోల్ వాయిదా పడింది. అమ్మ అప్పటికే గంజి తప్ప ఏమీ తీసుకోవడం లేదు. వాడు వచ్చేదాకా ఉంటుందని ఎవరమూ చెప్పలేకపోయాం. నర్సమ్మ నాకు ఫోన్ చేసి, అమ్మతో తనే మాట్లాడింది.

"దగ్గుకు నేను భయపడతానా? వాణ్ణి పంపు తల్లీ" అనింది అమ్మ.

"పంపిస్తా పెద్దమ్మా. నువ్వు మాత్రం నన్ను మాట తప్పినదాన్ని చేయగాకు."

"ఓహో, నీ కోసం ఉండల్ల నేను!" అని అమ్మ నవ్వింది. శానా రోజులకు నవ్వింది.

నర్సమ్మ రోజూ తమ్ముడి చేత తన ఎదుటే మందు మింగించేదట. "మింగినానని నువ్వు చెప్తే సాలదు, నాలిక ఎత్తు" అనేదని వాడు చెప్పాడు. మళ్ళీ పరీక్ష చేస్తే క్రిములు కనిపించలేదు. ఇక పంపవచ్చని ఆమే పై అధికారులకు చెప్పింది.

తమ్ముడు వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. ఇప్పుడు అవసరం లేదని నర్సమ్మ చెప్పినా మాస్కు తీయలేదు.

"మొగం చూపీరా" అనింది అమ్మ.

తీసి, పక్కన కూర్చున్నాడు. చెంపల మీద మాస్కు దారాల గీతలు పడి ఉన్నాయి. అమ్మకు చూపు సరిగా లేదు. మురికి అనుకుని, కొంగు తడిపి, ఆ గీతలను తుడుస్తూనే ఉంది.

పిల్లలూ, మీ మామ ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఈ కాగితాలు దాచండి. ఎవరికీ చూపించవద్దు.