ఎలుగుబంటి చెయ్యి

ఇన్నేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను అని మొదలుపెట్టి కొట్టేశాను. మోస్తున్నాను అంటే ఏదో కష్టపడుతున్నవాడిలా ఉంటుంది. నేను దాచాను, అంతే. భార్య దగ్గర దాచాను, స్నేహితుల దగ్గర దాచాను, ఎవరికి చెప్పి తీరాలో ఆయన దగ్గర అందరికన్నా భద్రంగా దాచాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. రెండు ముక్కలు రాసి లేస్తున్నాను, వాకిట్లో తిరిగి వచ్చి మళ్ళీ కూర్చుంటున్నాను. కాస్త ఓపిక పట్టండి.

డిగ్రీ అయ్యాక ఎక్కడా ఉద్యోగం దొరక్క, నందిగామ దగ్గర హైవే పక్కన ఒక పార్కులో చేరాను. నీళ్ళ ఆటలు, రంగులరాట్నం, చిన్నపిల్లల రైలు ఉండేవి. నా పని ఎలుగుబంటి వేషం. నవ్వుకుంటే నవ్వుకోండి. ఒళ్ళంతా బొచ్చు తొడుగు, స్పాంజి తలకాయ, బయటికి చూడటానికి నోటి దగ్గర చిన్న జాలీ. తొడుగు ఒకటే, మనుషులం ఇద్దరం. ఒకరు లోపల ఉంటే రెండోవారు మామూలు బట్టల్లో ఎలుగుబంటి చెయ్యి పట్టుకుని నడిపించాలి. అరగంటకోసారి మారాలి. పంపుల గదిలో ఫ్యాను ముందు కూలబడి, ఉప్పేసిన మజ్జిగ తాగి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని, అవతలి మనిషి చెమటతో నానిన తొడుగులోకే దూరాలి. వాసన తెలియకుండా తలకాయలో కర్పూరం బిళ్ళలు వేసేవాళ్ళం. అయినా తెలిసేది.

ఆ రెండో మనిషిని నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, పెద్దవాడని పిలుపు. జగ్గయ్యపేట ఆయన. ముక్త్యాలలో సిమెంటు బస్తాలు లారీలకు ఎత్తీ ఎత్తీ, వయసు మీద పడుతోందని ఈ పనికి వచ్చాడు. ఎంత ఎత్తాలో, ఎక్కడ ఆపాలో తన ఒళ్ళే తనకు చెబుతుందని ఆయనకు గొప్ప. నిజంగానే ఏనాడూ జ్వరమని పడుకోగా నేను చూడలేదు.

పిల్లల ముందు తలకాయ తీయకూడదు. ఎలుగుబంటి మాట్లాడకూడదు. అందుకని మాకో ఏర్పాటు ఉండేది. లోపలున్నవాడు చెయ్యి గట్టిగా నొక్కాడంటే ఇక తన వల్ల కాదని అర్థం. బయటున్నవాడు ఎందుకని అడగకుండా వెంటనే పంపుల గదికి తీసుకుపోవాలి. ఆ నమ్మకం మీదే ఇద్దరం ఆ తొడుగులోకి దిగేవాళ్ళం.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. ఆ మధ్యాహ్నం నా కాలేజీ స్నేహితులు వచ్చారు. అప్పటికే వాళ్ళకు హైదరాబాదులో ఉద్యోగాలు. నా మెడలో కార్డు చూసి ఇక్కడేం చేస్తున్నావని అడిగితే, మేనేజర్ని అన్నాను. చెయ్యి పట్టుకున్న ఎలుగుబంటిని చూపించి, మా స్టాఫ్ అని కూడా అన్నాను. ఎందుకన్నాను? ఎవరు అనమన్నారు నన్ను? బాబాయ్ వంతు అప్పటికే అయిపోయింది. మారాలంటే నేను వాళ్ళ ముందు మాయమై, కాసేపటికి బొచ్చు చేతులతో తిరిగొచ్చి వాళ్ళకే షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. వెళ్ళిపోతారులే, ఇంకాస్తసేపేగా అనుకున్నాను.

బాబాయ్ చెయ్యి నొక్కాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కి వదల్లేదు. అప్పుడే సెల్ఫీకి రమ్మని వాళ్ళు పిలిచారు. నేను చెయ్యి లాక్కున్నాను.

నేను నవ్వుతూ నిలబడ్డాను. వెనకాల ఆయన రెండు చేతులూ చాచి నాకోసం గాలిలో తడుముకున్నాడు. డాన్సు చేస్తున్నాడనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. బోర్లా పడినప్పుడు కూడా నవ్వారు.

తర్వాత పరిగెత్తింది నేనే. పిల్లల ముందే తలకాయ ఊడబీకింది, నీళ్ళు పోసింది, భుజాన వేసుకుని ఆటో ఎక్కించింది నేనే. అందరూ చూసింది అదే. చెయ్యి నొక్కాడా అని మేనేజరు అడిగితే లేదన్నాను. అసలైన మేనేజరు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! సాయంత్రం నందిగామ ఆసుపత్రిలో, సెలైన్ ఎక్కుతుండగా బాబాయ్ కళ్ళు తెరిచాడు.

"ఒరే, నేను నీ చెయ్యి నొక్కానా?"

"లేదు బాబాయ్."

"నొక్కినట్టే ఉందిరా నాకు."

"లేదు బాబాయ్. నొక్కితే తీసుకెళ్ళనా?"

ఆయన చూపు సెలైన్ సీసా మీదికి తిప్పుకున్నాడు. "అంతేలే. అయితే నా ఒళ్ళు నాకు చెప్పడం మానేసిందన్నమాట."

మనిషి త్వరగానే కోలుకున్నాడు. కానీ మళ్ళీ ఏ పనికీ వెళ్ళలేదు. ఎండలోకి వెళ్ళొచ్చా అని భార్యను అడుగుతాడు. మంచినీళ్ళు తాగి ఎంతసేపైందని అడుగుతాడు. ఆవిడ పచ్చళ్ళ కొట్లో పనికి కుదిరింది. వెళ్ళేముందు ఆయనకు సీసా నింపి, మరిచిపోకుండా తాగమని పసివాడికి చెప్పినట్టు చెప్పి వెళుతుంది. నేను అప్పుడప్పుడు బత్తాయిలు పట్టుకుని జగ్గయ్యపేట వెళతాను. వీడు లేకపోతే నేను పోయేవాణ్ణని వచ్చినవాళ్ళందరికీ ఆయన నన్ను చూపిస్తాడు. నేను తలవంచుకుని కాఫీ తాగుతాను. వినయం అనుకుంటారు.

మొన్న చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయనకు ఎవరో కల్యాణమండపంలో వాచ్‌మన్ పని ఇస్తామన్నారట. నీడపట్టున కూర్చునే పని. వద్దన్నాడట, ఏ క్షణాన పడిపోతానో నాకే తెలియదు అని. ఆవిడ ఆ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఒక్క మాట నా నోట్లోంచి వస్తే ఆయన ఒళ్ళు ఆయనకు తిరిగి దక్కుతుంది. రాలేదు. పెట్టిన గారెలు తిని బస్సెక్కాను.

భయమా? ఎవరి భయం? ఆ పార్కు వదిలేసి ఎన్నాళ్ళో అయింది, నన్నెవరూ ఏమీ చెయ్యరు. బస్సులో ఆలోచిస్తే అర్థమైంది, ఆ ఇంట్లో నేను ప్రాణం పోసినవాణ్ణి. ఆ మర్యాద రుచి మరిగాను. దాన్ని వదులుకోలేక ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాను.

మీకు చెప్పినంత మాత్రాన ఆయన లేచి పనికి వెళ్ళడని నాకు తెలుసు. మళ్ళీ జగ్గయ్యపేట వెళితే చెబుతానని మాటివ్వను, నా సంగతి నాకు తెలుసు. అయినా ఇది రాస్తుంటే గుండెల్లో ఏదో కాస్త సడలింది. అందుకూ సిగ్గుగానే ఉంది. బాబాయ్ నొక్కాడు. ఆయన ఒళ్ళు ఆయనకు సరిగ్గానే చెప్పింది. ఆయన నాకు సరిగ్గానే చెప్పాడు. నాకు అప్పుడే తెలిసింది.